పేరంటాలు బీడు

నా పేరు నాగభూషణం. ప్రొద్దుటూరులో చీరల కొట్టు. మా నాయన పెట్టింది. నేను దాన్ని పెంచిందీ లేదు, ముంచిందీ లేదు. నా భార్య సుధారాణి నవలలు రాస్తుంది. రాసేది అనాలో, రాస్తుంది అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలకనే ఈ సంగతి చెబుతున్నాను.

ఆమె రాసేవి పాతకాలపు ప్రేమకథలు. పాళెగాళ్ళు, గుర్రాలు, బురుజు మీద నిలబడి ఎదురుచూసే ఆడపిల్లలు. వారపత్రికలో సీరియల్ నడుస్తుంటే తెనాలి నుంచీ రాజమండ్రి నుంచీ ఆడవాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు. ఇంత ప్రేమగా రాస్తున్నారంటే మీ ఆయన ఎంత మంచివారో అని అడిగేవాళ్ళట. నేను ఒక నవల చదవబోయాను. నాలుగో పేజీలో ఆ అమ్మాయి కాలికి ముల్లు గుచ్చుకుంటే పాళెగాడు గుర్రం దిగి, నేల మీద కూర్చుని, ఆ ముల్లు తీస్తాడు. మా ఇంట్లో పిన్నీసు ఎక్కడ ఉంటుందో కూడా నాకు తెలియదు. పుస్తకం మూసి అవతల పెట్టాను.

కొట్టు మీదే మా ఇల్లు. కింద బేరాల గోల, వీధిలో ఆటోల గోల. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె రాసుకోవడానికి ఒక గది అడిగితే, పండగ సరుకు రాగానే చూద్దాం అన్నాను. పండగ సరుకు ఏటా వచ్చింది. గది మాత్రం రాలేదు. రెండేళ్ళ కిందట ఆమెకు పచ్చకామెర్లు వచ్చి తగ్గాక, గాలి మార్పుకని జమ్మలమడుగు అవతల, కొండాపురం పోయే దారిలో ఉన్న చేలోకి వెళ్ళింది. అది వాళ్ళమ్మ వాటాకు వచ్చిన నల్లరేగడి నేల. అక్కడ రెండు గదుల శ్లాబు ఇల్లు ఉంది. నెల రోజులు ఉండి వస్తానన్న మనిషి మళ్ళీ రాలేదు.

నేను ఆదివారాలు వెళ్ళేవాడిని. అక్కడ ఏముందో నాకు అర్థమయ్యేది కాదు. శనగ పీకేసిన తర్వాత ఒట్టి నల్లటి నేల, దాని అవతల బీడు, ఆ బీడు అవతల ఇంకా బీడు. ఎండుగడ్డి తప్ప మరేం లేదు. ఒక చెట్టు లేదు, గోడ లేదు, కన్ను ఆనడానికి ఏదీ లేదు. ఎండాకాలంలో నేల చెయ్యి దూరేంత వెడల్పున నెర్రెలు ఇచ్చేది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీల దుమ్ము ఒక గీతలా కనబడేది. నాకైతే పదినిమిషాలకే ఊపిరాడేది కాదు. ఆమె మాత్రం అరుగు మీద కుర్చీ వేసుకుని పొద్దస్తమానం అటే చూసేది.

"ఈడ దేనికీ అడ్డం లేదండీ," అనేది. "గాలి వచ్చేటప్పుడు ముందర దూరంగా గడ్డి వంగుతాది. చప్పుడు తర్వాత వస్తాది. ఆ రెంటికీ నడుమ రవ్వంత సేపు ఉంటాది చూడండి, అప్పుడు నాకు గుర్రం కనబడ్తాది. ప్రొద్దుటూరులో ఇన్నేండ్లు నేను కండ్లకు గంతలు కట్టుకోని రాసినాను. ఈడ చూసి రాస్తాండాను."

ఏమీ లేనిచోట ఆమెకు అన్నీ కనబడేవి. అన్నీ ఉన్నచోట నేను కనబడలేదు. ఆమె రాసిన వాటిలో ఆ బీట్లో రాసినవే గొప్పవని అందరూ అన్నారు. నాకు ఆ బీడంటే కడుపుమంట. మనిషి మీద అయితే పోట్లాడవచ్చు, గడ్డి మీద ఎవరు పోట్లాడతారు?

ఆ చేలో గంగులయ్య అనే గొర్రెలాయన మంద కట్టేవాడు. ఎరువు కోసం రాత్రిళ్ళు గొర్రెలను చేలో పడుకోబెట్టడం మా వైపు మామూలే. ఆయన భార్య రామేశ్వరమ్మ సుధకు పాలు, కూరాకు తెచ్చి ఇచ్చేది. ఒకసారి నేను తిరిగి బయలుదేరుతూ దూరంగా ఉన్న గంగులయ్యకు వస్తానని చెయ్యి ఎత్తబోయాను. మంద వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టి కిందికి లాగాడు.

"ఈ బీట్లో ఉత్త చెయ్యి ఎత్తగూడదప్పా. పిల్చాలంటే కట్టె ఎత్తు. ల్యాకుంటే తువ్వాల ఇసురు."

అప్పుడు గమనించాను. అక్కడ గొర్రెల వాళ్ళెవరూ ఒకరినొకరు చేత్తో పిలుచుకోరు. కట్టెకు గొంగడి తగిలించి పైకెత్తుతారు. ఎందుకని అడిగితే, ఈడ అట్లే అప్పా, అని వెళ్ళిపోయాడు.

ఇంటికి కాస్త దూరంలో, బీడు మధ్యన ఒక రాయి ఉంది. మోకాటి ఎత్తు. పైన గుర్రం మీద ఒక మనిషి. దాని కింద, మోచేతి దగ్గర వంగి పైకి లేచిన ఒక ఆడదాని చెయ్యి, నిండా గాజులు. ఆడమనిషి లేదు, చెయ్యి మాత్రమే ఉంది. పేరంటాలు రాయి అంటారు. సుధ తన కథకు దాన్నే పట్టుకుంది. గుర్రం మీద వెళ్ళిపోతున్న ప్రియుణ్ణి ఆ పిల్ల చెయ్యెత్తి పిలుస్తోందట. అదే కొత్త నవల. దాని మీదే ఆరు నెలలుగా కూర్చుంది. చివరి అధ్యాయం మాత్రం కుదరడం లేదు అనేది. ఆమె మనిషి సగమయింది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. ఫోన్ చేస్తే, సాయంత్రం ఆమె కనబడింది అండీ, ఈ పొద్దు ఇంకా దగ్గరికి వచ్చింది అనేది. ఎవరు అని అడిగితే మాట మార్చేది.

మా వాళ్ళందరూ మొహం మీదే అడగడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళకు ఒక్కణ్ణే పోతున్నాను. కొట్టుకు వచ్చిన ఆడవాళ్ళు చీరలు చూస్తూ, ఆమె ఇంకా ఆడనే ఉందా అని ఒక నవ్వు నవ్వేవాళ్ళు. మార్చి నెలలో ఒక సాయంత్రం కారు తీశాను. ఈసారి సుధను ఇంటికి తీసుకునే రావాలి. రానంటే ఇక మా కాపురం తెగిపోయినట్టే. అలా అనుకునే బయలుదేరాను.

మట్టిరోడ్డు మలుపు తిరిగేసరికి పొద్దు వాలుతోంది. గంగులయ్య, రామేశ్వరమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. నేను అద్దం దించాను. గొర్రెల వాసన, వేడెక్కిన మట్టి వాసన లోపలికి వచ్చాయి. మంద ఎప్పుడూ ఉండేచోట లేదు. రోడ్డుకు ఇవతలికి తోలుకొచ్చేశారు.

"మీ ఇంటామె ఇంట్లో ఉంది," అంది రామేశ్వరమ్మ. గొంతు బాగా తగ్గించింది. "ఇందాక రాయి కాడికి పోయి ఉత్త చెయ్యి ఎత్తి అందిచ్చిందప్పా."

"ఎవరికి?"

ఆమె మొగుడి వైపు చూసింది. అతను చెప్పమన్నట్టు తలూపాడు.

"ఆ రాయి మీది పేరంటాలికి. ఆయమ్మ పిలిచేది ఎవుర్నీ గాదు. మొగుడు గొడ్ల దొంగలతో పోరులో సచ్చినాడు. ఈ పిల్లను గుంతలోకి దించి నిప్పు పెట్టినారు. ఎవురన్నా లాగుతారేమోనని చెయ్యి పైకెత్తింది. ఊరూరంతా ఈ బీట్లో నిలబడి సూస్తాండ్రి. ఒగరూ చెయ్యియ్యల్య. మళ్ల ఆ చెయ్యినే రాయి మీద చెక్కి, దీవిస్తాండాదని మొక్కినారు."

రామేశ్వరమ్మ కారు తలుపు పట్టుకుని ఇంకా వంగింది.

"ఈడ ఉత్త చెయ్యి ఎత్తితే, నేను లాగుతా రా అని ఆయమ్మకు చెప్పినట్ల. మీ ఇంటామెకు అంతా చెప్పినా. ఇనల్య. ఎవురో ఒగరు ఇయ్యాల గదా రామేశ్వరమ్మా, అనింది. నా కథలోనన్నా బయటికి లాగుతా, అనింది. మేం పోయేతలికి రాయికి ఆనుకోని కూచ్చోనుంది. పట్టుకోని ఇంటికాడ దింపినాం. మా కుక్కలు ఆమె పక్కకు రాల్య."

"ఈ రాత్రికి ఈడ్నే ఉండనీ అప్పా," అన్నాడు గంగులయ్య. "తెల్లారినాంక రాయి కాడికి పోయి ఒగ తూరి సూసొచ్చి, అప్పుడు పిల్చకపో. ఇప్పుడు మాత్రం వద్దు."

ఎందుకు అని నేను అడిగితే చెప్పేవాడే. అడగలేదు. పిచ్చిమాటలు విని తిరిగిపోవడానికి ఇంత దూరం రాలేదని కారు ముందుకు పోనిచ్చాను.

ఇంట్లో దీపం లేదు. సుధ అరుగు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. నేను దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. బతిమాలాలా, తిట్టాలా, వాళ్ళమ్మతో చెప్పించాలా అని. ఒక్క మాట కూడా వాడే పని పడలేదు.

"పోదాం పా," అంది.

"ఎక్కడికి?"

"నీ ఇంటికి."

రెండేళ్ళుగా ఆ మాట కోసం తిరిగాను. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, అబద్ధం ఎందుకు. ఎన్నడూ మీరు తప్ప అనని మనిషి నువ్వు అంటోందని నాకు తెలియకపోలేదు. చెవిన పడింది. పడనట్టు ఉన్నాను. కాయితాలు తెచ్చుకోవా అంటే, ఏ కాయితాలు అన్నట్టు చూసింది. లేవడానికి చెయ్యి అందించాను. పట్టుకుంది. అది జ్వరం వేడి కాదు. పొయ్యి మీద నుంచి దించిన పెనంలా ఉంది. వెంటనే వదిలేశాను.

కారు బయలుదేరింది. ఆమె నా పక్కన కూర్చుంది. తలుపు ఎలా వేయాలో తెలియనట్టు చూస్తుంటే నేనే వంగి వేశాను. పడమటి వైపు ఎర్రటి గీత ఒకటి మిగిలింది. తక్కిన బీడంతా మసక. గాలి లేదు. అద్దాలు దించే ఉన్నాయి, అయినా లోపల నెయ్యి కాలిన వాసన. దాంతో పాటు ఇంకొకటి... వెంట్రుకలు కాలిన వాసన. అద్దాలు ఎత్తి ఏసీ వేసి చూసి, మళ్ళీ దించాను. పోలేదు.

రాయికి ఎదురుగా వచ్చాం.

అక్కడ ఎవరో నిలబడి ఉన్నారు.

ఆ బీట్లో ఏ మనిషీ నడుము దాకా కనబడి ఆగిపోడు. అడ్డం ఏమీ లేదు గదా. ఈ మనిషి మాత్రం నడుము దాకానే ఉంది. గడ్డి అంత ఎత్తు లేదు. నేల లోపలికి దిగి ఉన్నట్టు... కుడి చెయ్యి పైకి ఎత్తి ఉంది. ఊపడం లేదు. ఊరికే ఎత్తి ఉంచింది.

ముందర దూరంగా గడ్డి వంగింది. గాలి లేదని చెప్పాను గదా. గడ్డి మాత్రం వంగింది. ఆ మనిషి దగ్గర నుంచి కారు దాకా ఒక్క గీతగా వంగుతూ వచ్చింది. రవ్వంత సేపు ఏమీ లేదు. తర్వాత చప్పుడు వచ్చింది.

"ఏమండీ..."

బ్రేకు మీద కాలు నాకు తెలియకుండానే పడింది.

ఆ గొంతు నాకు తెలుసు. రోజూ మధ్యాహ్నం మెట్ల మీద నుంచి అన్నానికి రమ్మని పిలిచిన గొంతు. ఒక గది అడిగిన గొంతు. అరుపు కాదు. బతిమాలడం కూడా కాదు. కొట్లో జనం ఉన్నప్పుడు నలుగురి ముందూ నన్ను పిలవాలంటే ఎలా మొహమాటపడేదో, అలాగే.

"ఏమండీ... ఈడుండాను."

తలుపు పిడి మీద చెయ్యి వేశాను. దిగి నడిస్తే చాలు. చెయ్యి ఎత్తితే చాలు. నా మణికట్టు మీద వేడి పడింది. పక్కనున్న ఆమె పట్టుకుంది. మొహం నా వైపు తిప్పలేదు, అద్దంలోంచి ముందుకే చూస్తోంది.

"సూడొద్దు," అంది మెల్లగా. "నేనీడ ఉండా గదా. పోనీ."

మీరైతే ఏం చేసేవాళ్ళు? తీరికగా కూర్చుని చదివేవాళ్ళకు అన్నీ సులభమే. ఒకామె బీట్లో ఉంది. ఇన్నాళ్ళూ రమ్మంటే రానిది. ఒకామె పక్కన ఉంది. పోదాం పా అన్నది. పైగా ఈ బీట్లో చెయ్యి ఎత్తవద్దని ఆ ఊరివాళ్ళే చెప్పారు. నేను వాళ్ళ కట్టుబాటు పాటించాను. అంతే. చెయ్యి తలుపు మీద నుంచి తీసి గేరు మీద వేశాను.

జమ్మలమడుగు లైట్లు కనబడేదాకా నేను పక్కకు చూడలేదు. ఆమె మాత్రం ఒక్కసారి, ఎవరితోనో అన్నట్టు, అనింది... "ఆ పొద్దూ అందురూ ఇట్లనే పోయినారు."

ఇంటికి వచ్చాక నాకు ఏ లోటూ లేదు. అందరూ అదే అంటారు. కొట్టు తెరవకముందే లేస్తుంది. ఇల్లు అద్దంలా ఉంచుతుంది. పెళ్ళిళ్ళకు నా పక్కన కూర్చుంటుంది. రాయదు. పత్రిక వాళ్ళు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేదాకా దాన్ని చూస్తూ ఉంటుంది. పేపరు చేతికిస్తే బొమ్మలు చూసి తిరిగి ఇస్తుంది. దేవుడి దగ్గర దీపం వెలిగించదు, గ్యాసు పొయ్యి దగ్గరకు పోదు. కరెంటు పొయ్యి కొన్నాను. ఒక ఆడదాని నుంచి మొగవాడు ఏం కోరుకుంటాడో అంతా దొరికింది. ఇన్నేళ్ళూ నేను అడిగిందీ అదేగదా. నోరు మూసుకుని ఇంట్లో ఉండమనే గదా.

పులివెందుల నుంచి వాళ్ళమ్మ నిర్మలమ్మ వచ్చింది. వారం ఉంటానని సంచి సర్దుకుని వచ్చిన మనిషి, మధ్యాహ్నం కూతురికి తల దువ్వడానికి కూర్చుని సగంలో లేచింది. నేను బస్టాండు దాకా వెళ్ళాను. పులివెందుల బస్సు ఎక్కేదాకా నోరు విప్పలేదు. ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, అప్పుడు అడిగింది.

"నా కూతురు యాడుంది నాయనా?"

"ఇంట్లోనే గదా అత్తా."

"నీకు తెల్సు," అంది. "తెల్సీ దీన్ని పిల్చకొచ్చినావు." కిటికీ అద్దం వేసేసుకుంది. బస్సు కదిలేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

నేను మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. వెళ్ళడానికి ఒక్క గంట చాలు. పని ఉంది, పెళ్ళిళ్ళ సీజను, కొట్టు వదలడానికి లేదు. గాలి లేని సాయంత్రాలు మేడ మీద ఆరేసిన చీరలు ఒకదాని తర్వాత ఒకటిగా నా వైపు వంగుతాయి. ఆ తర్వాత వచ్చే మాట వినకూడదని నేను కిందికి దిగి వచ్చేస్తాను.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. కొట్టు మూసి పైకి వచ్చాను. ఆమె చీకట్లో కూర్చుని ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమె మాట్లాడింది. ఇంటికి వచ్చాక ఆమె అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

"ఇంట్లో నుంచి తీసకపోయే ముందర నా అరచేతికి పసుపు పూసినారు. గడప పక్క గోడకు ఒత్తమన్నారు. ఒత్తినా. నా అంతట నేనే పోతాండానని దానికి అర్థమంట. నాకు ఎవురూ చెప్పల్య."

నేను కాస్త అవతలికి జరిగాను.

"వాడు ముందు పోయినాడని నేను పోవాల్సొచ్చింది," అంది. "ఇప్పుడు నేను ముందు పోతే... నువ్వు నాతో వస్తావా?"

మొగుణ్ణి పెళ్ళాం అడిగే మాటే. ఆమె నవలల్లో ప్రతి అమ్మాయీ ఎక్కడో ఒకచోట అడిగే ఉంటుంది. మనం ఏదో ఒకటి అంటాం. చీకటి, ఉక్క, భయం... మాట్లాడకుండా ఉంటే ఆ చెయ్యి నా మీద వేస్తుందేమోనని ఉంది. నా జీవితంలో ఏ ఆడదానితోనూ అనని మాట నోట్లోంచి వచ్చేసింది.

"వస్తాలే."

ఆమె నవ్వింది. మా పెళ్ళయ్యాక ఈ ఇంట్లో అంత సంతోషంగా ఎవరూ నవ్వలేదు. కరెంటు వచ్చేసరికి లోపలికి వెళ్ళి పడుకుంది.

పొద్దున నేను లేచేసరికి ఆమె ఇంకా లేవలేదు. ఎన్నడూ లేనిది. పిలిస్తే పలకలేదు. దగ్గరికి వెళ్ళి చూడాలి. ముందు మొహం కడుక్కుందామని కొళాయి దగ్గరికి వెళ్తుంటే కనబడింది. మా ఇంటి గడప పక్కన, తెల్లటి గోడ మీద, పసుపుతో ఒత్తిన అరచెయ్యి గుర్తు ఉంది. ఇంకా తడిగా ఉంది. ఆడవాళ్ళ చెయ్యి అంత పెద్దగా ఉండదు.

కొళాయి కింద సబ్బు పెట్టి చేతులు రుద్దుతూనే ఉన్నాను. నా గోళ్ళ సందుల్లో పసుపు పోవడం లేదు.